పొట్టలో నీరు: లెక్క తెలిసిన వైద్యం

(గురువుగారి స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



గురువుగారి పేరిట మాట్లాడమని కబురు వచ్చినప్పుడు విషయం కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఆయన వార్డులో రౌండ్లకు వస్తే సిర్రోసిస్ రోగి మంచం దగ్గర మొదట అడిగేది ఇవాళ బరువెంతని. రక్త పరీక్షలు, స్కానింగు కాగితాలు ఆ తర్వాత. బరువు రాయని కేసు షీటును ఆయన తెరిచేవారు కాదు. పొట్టలో నీరు చేరిన మనిషికి చేసే వైద్యమంతా లెక్కల మీద నడుస్తుందని మాకు అలా నేర్పారు. లోపలికి ఎంత ఉప్పు పోతోంది, మూత్రంలో ఎంత బయటికి వస్తోంది, సూదితో ఎంత నీరు తీశాం, తీసినదానికి బదులుగా ఏం ఇచ్చాం. ఈ లెక్కలు తప్పినచోటే మనం రోగులను పోగొట్టుకుంటున్నాం. ఈ లెక్కల్లో చాలా భాగానికి పెద్ద ఆస్పత్రి అక్కర్లేదు, జిల్లా ఆస్పత్రి చాలు. నేను ఇవాళ చెప్పదలుచుకున్నది ఇదే.

ఓపీలో మనకు రోజూ వినిపించే మాటలు రెండున్నాయి. "ఒకసారి నీళ్లు తీస్తే ఇక తీస్తూనే ఉండాలంట గదండీ" అనేది ఒకటి. "నీళ్లు తీసినాక మనిషి దక్కడంట" అనేది రెండోది. మూఢనమ్మకమని వీటిని కొట్టిపారేయడం తేలిక. కానీ ఈ రెండు భయాల వెనకా వేల ఏళ్ల అనుభవం ఉంది.

పాత వైద్యులు ఏం చూశారు

జలోదరానికి శస్త్రచికిత్స ఎలా చేయాలో సుశ్రుత సంహిత చెబుతుంది. బొడ్డుకు దిగువన, ఎడమ పక్కన, నడిమి గీతకు నాలుగు వేళ్ల వెడల్పు దూరంలో వ్రీహిముఖమనే పరికరంతో పొడిచి, గొట్టం పెట్టి నీరు తీయాలి. మనం ఇవాళ అల్ట్రాసౌండు పెట్టి చూసి సూది వేసే చోటు కూడా ఎక్కువగా ఆ ఎడమ పక్కే. అయితే సుశ్రుతుడు గట్టిగా హెచ్చరించినది వేరొకటి: నీరంతా ఒక్క రోజునే తీయవద్దు. రోజులు ఎడం ఇస్తూ కొద్దికొద్దిగా తీయాలి, తీశాక పొట్టకు బిగువుగా కట్టు కట్టాలి. జలోదర రోగిని పాల మీద ఉంచమనీ, ఉప్పు లేని పత్యం పెట్టమనీ మన ప్రాచీన వైద్యం చెప్పింది. గ్రీకు దేశంలో హిప్పోక్రటీసు పేరిట ఉన్న సూత్రాల్లోనూ నీరు ఒక్కసారిగా బయటికి పోతే రోగి బతకడన్న హెచ్చరికే కనిపిస్తుంది. ఒకరినొకరు ఎరగని రెండు వైద్య సంప్రదాయాలు ఒకే ప్రమాదాన్ని గుర్తించాయి.

ఐరోపా సంగీతంలో మహానుభావుడు బీథోవెన్ కథ చాలామందికి తెలిసిందే. 1826 డిసెంబరు 20న వియన్నాలో ఆయన పొట్టలో నీరు మొదటిసారి తీశారు. మూడు నెలల్లో అలా నాలుగుసార్లు తీశారు. సూది పోటు మానక నీరు కారుతూనే ఉండేది. 1827 మార్చి 26న ఆయన మరణించాడు. శవపరీక్షలో కాలేయం కుంచించుకుపోయి గడ్డలు కట్టి కనిపించింది. నీరు తీశారు, మళ్లీ నిండింది, మళ్లీ తీశారు, మనిషి పోయాడు. మన పల్లెల్లో చెప్పుకునే రెండు భయాలూ ఆ ఒక్క కేసు షీటులోనే ఉన్నాయి. అప్పటి వైద్యులకు నీరు తీయడం తెలుసు. ఆ నీరు ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు.

నీరు ఎందుకు చేరుతుంది

పేగుల నుంచి, ప్లీహం నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా కాలేయంలోకి పోతుంది. సిర్రోసిస్‌లో కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతుంది, రక్తానికి దారి ఇరుకవుతుంది, వెనక పీడనం పెరుగుతుంది. ఇంతవరకు అందరూ చెప్పేదే. కానీ పీడనం ఒక్కటే కారణమైతే పేగుల చుట్టూ కొంత నీరు ఊరి ఆగిపోవాలి. పది లీటర్లు, పదిహేను లీటర్లు చేరకూడదు.

అసలు కథ మూత్రపిండాల దగ్గర ఉంది. పీడనం పెరిగినచోట నైట్రిక్ ఆక్సైడు వంటి పదార్థాలు ఎక్కువగా తయారై పేగుల చుట్టూ ఉన్న ధమనులు వెడల్పవుతాయి. రక్తంలో పెద్ద భాగం అక్కడే నిలిచిపోతుంది. మన కాలువ చివరి రైతు సంగతి మీకు తెలుసు. ఎగువన గండి పడి పొలాలు మునిగిపోతున్నా ఆయన మడికి నీరందదు. జలాశయం ఎండిపోయిందనే ఆయన అనుకుంటాడు. సిర్రోసిస్ రోగి మూత్రపిండాలదీ అదే పరిస్థితి. ఒంట్లో లీటర్ల కొద్దీ నీరు అదనంగా ఉన్నా తమకు అందే రక్తం తగ్గింది కాబట్టి కరువు వచ్చిందని అవి నిర్ణయించుకుంటాయి. రెనిన్, ఆల్డోస్టిరోన్ హార్మోనులు పెరుగుతాయి. తిన్న ఉప్పులో ఒక్క గింజనైనా పోనివ్వకుండా మూత్రపిండాలు పట్టి ఉంచుతాయి. ఉప్పు వెంట నీరు నిలుస్తుంది. ఆ నీరు పీడనం ఎక్కువగా ఉన్న పొట్టలోకి ఊరుతుంది. 1988లో ష్రయర్, అరోయో, మరికొందరు కలిసి ఈ అవగాహనకు ఒక రూపం ఇచ్చారు. ఆ తర్వాత వచ్చిన వైద్యమంతా దాని మీద నిలబడిందే.

ఉప్పు లెక్క

ఇప్పుడు మొదటి భయానికి వద్దాం. తీస్తే మళ్లీ ఎందుకు నిండుతుంది? హౌస్ సర్జన్లు కాగితం తీసి రాసుకోండి. పొట్టలో చేరిన ఒక లీటరు నీటిలో సోడియం సుమారు 130 మిల్లీమోల్స్ ఉంటుంది. వంటింటి భాషలో అది ఏడున్నర గ్రాముల ఉప్పు. ఎనిమిది లీటర్ల నీరంటే 60 గ్రాముల ఉప్పు. మన ఇళ్లలో మామూలుగా ఒక మనిషి తినే ఉప్పు రోజుకు పది గ్రాముల దాకా ఉంటుంది. మూత్రపిండాలు ఆ ఉప్పును బయటికి వదలకపోతే రోజుకు లీటరుకు పైగా నీరు చేరుతుంది. అంటే సోమవారం ఎనిమిది లీటర్లు తీసి ఇంటికి పంపితే, పచ్చడి మెతుకులు తిన్న రోగి మరుసటి సోమవారానికి అదే పొట్టతో మళ్లీ వస్తాడు. నిండడానికి కారణం సూది కాదు, కంచంలోని ఉప్పు. రోగికీ ఇంట్లో వాళ్లకీ ఈ లెక్క కూర్చోబెట్టి చెబితే అర్థమవుతుంది. నేను చెప్పి చూశాను. చాలామంది ఇల్లాళ్లు మనకన్నా త్వరగా పట్టుకుంటారు.

రోజుకు ఉప్పు అయిదు గ్రాములకు మించకూడదు. సుమారు ఒక చెంచాడు, అదీ వంటలో వేసినదంతా కలిపి. ఆవకాయ, ఊరమిరపకాయలు, వడియాలు, అప్పడాలు, ఎండుచేపలు, బజారు మిక్చరు, బేకరీ సరుకు అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. మజ్జిగలో వేసుకునే చిటికెడూ వస్తుంది. సైంధవ లవణం మంచిదని కొందరు అడుగుతారు, అదీ సోడియమే. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. మూత్రం పోయించే స్పైరోనోలాక్టోన్ మాత్ర వాడే రోగికి అది గుండె ఆగే ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు.

ఉప్పు పూర్తిగా మానిపించడమూ తప్పే. చప్పిడి కూడు మింగుడు పడక రోగి తిండే మానేస్తాడు, కండ కరిగిపోతుంది. కాలేయ జబ్బు అనగానే పప్పు, గుడ్డు, మాంసం మానిపించే పాత పత్యం కూడా ఇంకా మన ఊళ్లలో ఉంది. దాన్ని వదిలించాలి. ఈ రోగికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రాత్రి పడుకోబోయే ముందు ఏదైనా కొంచెం తినాలి, తెల్లవార్లూ కడుపు ఖాళీగా ఉంచకూడదు. ఇక మంచినీళ్లు తాగొద్దని ఎండాకాలంలో కూడా కట్టడి చేస్తుంటారు. రక్తంలో సోడియం 125కు దిగువకు పడిపోతే తప్ప ఆ కట్టడి అక్కర్లేదు.

మాత్రల లెక్క

ఆల్డోస్టిరోన్‌ను కనుగొన్నది 1953లో. దాన్ని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ ఆ దశాబ్దం చివరికల్లా మందుల షాపులోకి వచ్చింది. జలోదరానికి వెన్నెముక వంటి మందు ఇదే. మనలో చాలామంది చేయి ముందుగా ఫ్యూరోసెమైడ్ వైపు పోతుంది, ఎందుకంటే అది గంటలోనే మూత్రం పోయిస్తుంది. 1983లో బార్సిలోనా వైద్యులు ఈ రెంటినీ పోల్చి చూశారు. స్పైరోనోలాక్టోన్ తీసుకున్నవారిలో దాదాపు అందరికీ నీరు తగ్గింది, ఫ్యూరోసెమైడ్ ఒక్కటే తీసుకున్నవారిలో సగం మందికే తగ్గింది. ఆల్డోస్టిరోన్ తలుపు తెరిచే ఉంటే ఫ్యూరోసెమైడ్ వదిలించిన ఉప్పు మరో చోట తిరిగి లోపలికి చేరుతుంది.

మొదటిసారి నీరు పట్టినవాళ్లకు స్పైరోనోలాక్టోన్ 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టవచ్చు. చాలాకాలంగా ఉన్నవాళ్లకు 100కి 40 చొప్పున ఫ్యూరోసెమైడ్ జత చేస్తాం. మూడు నుంచి అయిదు రోజులకోసారి చూసుకుంటూ పెంచి 400, 160 దాకా పోవచ్చు. రెండూ పొద్దున్నే ఒకేసారి వేసుకోవాలి, లేకపోతే రాత్రంతా మూత్రానికి లేవవలసి వస్తుంది.

గురువుగారు బరువు అడిగేది ఇందుకే. పొట్ట లోపలి పొర రోజుకు అరలీటరుకు అటూఇటూ నీటిని మాత్రమే తిరిగి రక్తంలోకి తీసుకోగలదు. అందుకే కాళ్లవాపు లేని రోగికి రోజుకు అరకిలో మించి తగ్గకూడదు. కాళ్లవాపు ఉంటే కిలో దాకా తగ్గినా ఫర్వాలేదు, ఎందుకంటే కాళ్ల నీరు త్వరగా తిరిగొస్తుంది. అంతకన్నా వేగంగా తగ్గిందంటే ఆ నీరు పొట్టలోది కాదు, రక్తంలోది. ఆ నష్టం మూత్రపిండాలు మోస్తాయి. క్రియాటినిన్ పెరుగుతున్నా, సోడియం బాగా పడిపోతున్నా, మనిషి మగతగా మాట్లాడుతున్నా మాత్రలు ఆపాలి. మగవాళ్లకు ఈ మందుతో రొమ్ములు వాచి నొప్పి పెడతాయి. సిగ్గుపడి ఎవరికీ చెప్పరు, మందు మానేస్తారు. మనమే ముందుగా అడగాలి.

మాత్రలు వేసుకుంటున్నా బరువు తగ్గడం లేదంటే మోతాదు పెంచే ముందు ఒక పరీక్ష చేయించండి. మూత్రం నమూనాలో సోడియం, పొటాషియం చూడండి. పొటాషియం కన్నా సోడియం ఎక్కువగా ఉంటే మందు పనిచేస్తోందని అర్థం. అయినా బరువు తగ్గలేదంటే ఇంట్లో ఊరగాయ జాడీ మూత తెరుచుకుంటోందన్నమాట. ఖర్చు తక్కువ, దాపరికం లేని పరీక్ష ఇది. మోకాళ్ల నొప్పులకు షాపులో కొనుక్కున్న డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కూడా ఈ మందుల పనిని చెడగొడతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అదీ అడిగి తెలుసుకోవాలి.

మొదటి సూది పరీక్షకే

నీరు తీయడం సంగతికి వచ్చే ముందు చిన్న సూది గురించి. పొట్టలో నీటితో ఆస్పత్రిలో చేరిన ప్రతి రోగికీ, చేరిన రోజే, వీలైతే మొదటి 12 గంటల్లో కొద్దిపాటి నీరు తీసి పరీక్షకు పంపాలి. ప్రోత్రాంబిన్ సమయం ఎక్కువగా ఉందని, ప్లేట్‌లెట్లు తక్కువని భయపడి ఆపుతాం. సరిగ్గా చేస్తే పెద్ద రక్తస్రావం చాలా అరుదు. ప్లాస్మా ఎక్కించాకే చేయాలన్న నియమం లేదు.

ఈ పరీక్షతో తేలేవి రెండు. ఒకటి, నీరు సిర్రోసిస్‌దేనా? రక్తంలోని అల్బుమిన్‌లోంచి పొట్టనీటిలోని అల్బుమిన్ తీసివేస్తే డెసిలీటరుకు 1.1 గ్రాములు, ఆపైన తేడా ఉంటే పోర్టల్ పీడనం వల్ల వచ్చిందని చెప్పవచ్చు. తేడా తక్కువగా ఉంటే మన దేశంలో క్షయను, కేన్సర్‌ను గుర్తు చేసుకోవాలి. స్కానింగులో కాలేయం గరుకుగా ఉందన్న ఒక్క మాట పట్టుకుని మాత్రలు రాస్తే, ఆర్నెల్ల మందుతో నయమయ్యే క్షయ రోగి మన చేతుల్లోంచి జారిపోతాడు.

రెండు, నీటిలో ఇన్‌ఫెక్షన్ ఉందా? ఒక ఘన మిల్లీమీటరులో న్యూట్రోఫిల్ కణాలు 250, అంతకుమించి ఉంటే కల్చర్ కోసం ఎదురుచూడకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. జ్వరం లేకపోవచ్చు, నొప్పి లేకపోవచ్చు. కొంచెం మగత, కొంచెం క్రియాటినిన్ పెరుగుదల, అంతే కనిపించవచ్చు. 1999లో స్పెయిన్ వైద్యులు ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో మలుపు. యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చినవారిలో 29 శాతం మంది ఆస్పత్రిలోనే చనిపోయారు. దానికి తోడు మొదటి రోజు కిలోకు ఒకటిన్నర గ్రాములు, మూడో రోజు ఒక గ్రాము చొప్పున అల్బుమిన్ ఇచ్చినవారిలో మరణాలు 10 శాతానికి తగ్గాయి. యాంటీబయాటిక్ క్రిములను చంపింది, అల్బుమిన్ మూత్రపిండాలను కాపాడింది.

పెద్ద సూది, దానికి బదులు

ఇక రెండో భయం. నీరు తీస్తే మనిషి దక్కడా?

మూత్రం పోయించే మాత్రలు వచ్చాక, 1950ల తర్వాత, ఎక్కువ నీరు తీయడం తప్పన్న అభిప్రాయం వైద్యుల్లో పాతుకుపోయింది. తీసిన కొన్నాళ్లకు బీపీ పడిపోవడం, మూత్రపిండాలు ఆగిపోవడం చూసి వచ్చిన భయం అది. బార్సిలోనాలో జువాన్ రోడెస్, విసెంతె అరోయో, పెరె హినెస్‌ల బృందం ఆ అభిప్రాయాన్ని పరీక్షకు పెట్టింది. 1987లో వాళ్లు చూపించింది ఏమిటంటే, నీరు తీసి అల్బుమిన్ ఎక్కిస్తే, మాత్రల కన్నా త్వరగా పొట్ట తగ్గుతుంది, రోగి త్వరగా ఇంటికి పోతాడు, చిక్కులూ తక్కువే. మరుసటి ఏడాది ఇంకో పని చేశారు: కొందరికి నీరు తీసి అల్బుమిన్ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. ఇవ్వనివారిలో మూత్రపిండాలు దెబ్బతినడం, సోడియం పడిపోవడం ఎక్కువగా కనిపించింది.

సుశ్రుతుడి హెచ్చరికకు కారణం అప్పుడు తేలింది. నీరు ఒక్కసారిగా పోతే పొట్టలో పీడనం పడిపోయి, ముందే వెడల్పైన రక్తనాళాలు మరింత సడలుతాయి. మూత్రపిండాలకు అందే రక్తం ఇంకా తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి సుశ్రుతుడి దగ్గర ఏమీ లేదు, కాబట్టి మెల్లగా తీయమన్నాడు. ఆయన కాలానికి అదే సరైన సలహా. ఇవాళ మన దగ్గర బదులు ఇవ్వడానికి అల్బుమిన్ ఉంది. అందువల్ల ఒకే పూటలో నీరు తీసి గొట్టం తీసేయవచ్చు. బదులు ఇవ్వకుండా తీయడం, రోజుల తరబడి గొట్టం వదిలేసి ఇన్‌ఫెక్షన్‌ను ఆహ్వానించడం, ఈ రెండే చేయకూడనివి.

అయిదు లీటర్లు దాటి తీస్తే లీటరుకు 6 నుంచి 8 గ్రాముల అల్బుమిన్ ఇవ్వాలి. ఎనిమిది లీటర్లకు 20 గ్రాముల సీసాలు మూడు. ఒక్కో సీసా ఖరీదు వేలల్లో ఉంటుంది. కూలి చేసుకునే కుటుంబానికి ఇక్కడే వైద్యం ఆగిపోతుంది. సీసాలు దొరకనినాడు ఏం చేయాలి? అయిదు లీటర్ల లోపే తీయండి, ఆయాసం తగ్గేంత తీయండి, రెండోసారి పిలవండి. తీయాల్సినంతా తీసేసి సెలైన్‌తో సరిపెట్టవద్దు. సెలైన్ సీసా నిండా ఉప్పే. అరలీటరు సీసాలో నాలుగున్నర గ్రాములు ఉంటుంది.

అల్బుమిన్ సర్వరోగ నివారిణి కాదు. రక్తంలో అల్బుమిన్ తక్కువగా ఉందన్న ఒక్క కారణంతో రోజూ సీసాలు ఎక్కించే అలవాటు మన ప్రైవేటు ఆస్పత్రుల్లో ఉంది. బ్రిటన్‌లో ఆస్పత్రిలో చేరిన సిర్రోసిస్ రోగుల మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. అంకె పెంచడం కోసం ఇచ్చిన అల్బుమిన్‌తో మేలు కనిపించలేదు. ఇటలీ అధ్యయనం ఒకటి 2018లో వారం వారం నెలల తరబడి ఇస్తే ఆయుష్షు పెరిగిందని చూపింది, కానీ ఆ ఖర్చు, ఆ ఏర్పాట్లు మనకు అందుబాటులో లేవు. మన పరిమితుల్లో సీసా ఖాయంగా ఉపయోగపడే చోట్లు ముఖ్యంగా రెండు: ఎక్కువ నీరు తీసినప్పుడు, నీటికి ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు. కొరత సరుకును అక్కడికి దాచాలి.

మాత్రలకు లొంగనప్పుడు

కొందరికి మాత్రలు పనిచేయవు, లేదా పనిచేసే మోతాదుకు మూత్రపిండాలు తట్టుకోవు. ఈ దశలో సగం మంది ఆర్నెల్లకు అటూఇటూ మాత్రమే బతుకుతారు. కాలేయం లోపల సిరల మధ్య స్టెంటుతో దారి వేసే టిప్స్ పద్ధతిని 1988లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో మొదట మనుషులకు చేశారు. సరైన రోగికి అది మంచి ఫలితం ఇస్తుంది. మెదడు మందగించడం, గుండె భారం పెరగడం దాని చిక్కులు. శాశ్వత పరిష్కారం కాలేయ మార్పిడి. తెలుగు రాష్ట్రాల్లో జీవన్‌దాన్ ద్వారా అవయవాలు దొరుకుతున్నాయి, ఇంట్లోవాళ్లు కాలేయంలో భాగం ఇస్తున్నారు. ఇక్కడ జిల్లా వైద్యుడి పని, రోగిని ఆలస్యం కాకముందే పంపడం. మొదటిసారి నీరు పట్టిన రోజే ఆ మాట ఎత్తాలి. కండ కరిగి, మూత్రపిండాలు పోయాక పంపితే సర్జన్ చేతులు ఖాళీగా ఉంటాయి.

మూలానికి మందు

ఇన్ని లెక్కల తర్వాత అసలు లెక్క ఒకటి మిగిలింది. కాలేయాన్ని గట్టిపరిచిన కారణం ఆగిందా? సారా మానిన రోగుల్లో కొన్ని నెలల్లో మాత్రలే అవసరం లేనంతగా నీరు తగ్గడం మనం చూస్తాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లినప్పుడు మన వార్డుల్లోని మంచాల గురించి వాళ్లు ఆలోచించి ఉండరు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సడలింపు కూడా వచ్చింది. ఆ తర్వాత ఏం జరిగిందో సాయంత్రం ఏ ఊరి కూడలిలో నిలబడినా కనిపిస్తుంది. మద్యం మాన్పించే డాక్టరును కాలేయ క్లినిక్కులోనే కూర్చోబెట్టాలి. వేరే గదికి చీటీ రాసి పంపితే రోగి ఆ గదికి పోడు.

హెపటైటిస్ బి, సి విషయంలో మనకు సాకు లేదు. 1997లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన టీకా ధరను నేలకు దించింది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద రెండు వైరస్‌లకూ మందులు ఉచితం. నీరు పట్టాక మొదలుపెట్టినా బి వైరస్ మందుతో కోలుకునేవారు ఉన్నారు. మధుమేహం, స్థూలకాయం వల్ల వచ్చే కొవ్వు కాలేయం ఇప్పుడు మందు ముట్టని ఇళ్లలోకీ సిర్రోసిస్‌ను తెస్తోంది. కామెర్లు అనగానే పసరు మందుకు పోయే అలవాటు, అప్పటికే అరిగిన కాలేయాన్ని ముంచుతోంది.

గురువుగారి పేరిట ఏటా సభ పెట్టుకుంటున్న మనం ఈసారి ఒక పని కూడా మొదలుపెడదామని నా మనవి. మన పూర్వ విద్యార్థులు పనిచేసే ప్రతి జిల్లా, ఏరియా ఆస్పత్రిలో నాలుగు వస్తువులు ఉండేలా చూద్దాం: వార్డులో బరువు చూసే యంత్రం, చేరిన రోజే పొట్టనీటిలో కణాలు లెక్కపెట్టే లేబొరేటరీ, అత్యవసరానికి ఆరు అల్బుమిన్ సీసాలు, ఉప్పు లెక్క తెలుగులో రాసిన ఒక కాగితం. చివరి రెంటిలో సీసాలకు డబ్బు కావాలి. మన సంఘం నిధి అందుకు పెట్టవచ్చు. కాగితానికి డబ్బు అక్కర్లేదు. దాని నకలు తయారుచేసి తెచ్చాను, సభ ముగిశాక తీసుకుని వెళ్లండి. తప్పులుంటే దిద్ది పంపండి.

 ప్రశ్నలు అడగండి, ముందుగా హౌస్ సర్జన్లు.